మన గడపకు వచ్చిన తరువాత



పౌర పత్రాల గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. పత్రాల కంటే ముందు మా చూపు గురించి చెప్పవలసి ఉన్నది.

2018 జూలై 30న అస్సాంలో జాతీయ పౌర పట్టిక ముసాయిదా వెలువడింది. సుమారు 40 లక్షల మంది పేర్లు అందులో లేవు. ఆ వార్త చదివాము, మరచిపోయాము. 2019 ఆగస్టు 31న తుది జాబితా వచ్చి 19 లక్షల పైచిలుకు మంది బయట మిగిలినప్పుడు కూడా అది బ్రహ్మపుత్ర తీరపు గొడవగానే తోచింది. అదే సంవత్సరం డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం ఆమోదం పొందింది. దేశమంతటికీ అటువంటి పట్టిక తయారవుతుందన్న మాట మన వీధుల్లోకి వచ్చింది. ఆ వారమే బీరువాలు తెరిచాము.

తెలుగులో ‘షేక్’ అని ఒక్క తీరుగానే రాస్తాము. ఇంగ్లీషు అక్షరాలలో అది రేషన్ కార్డులో ఒక విధం, ఆధార్‌లో మరొక విధం, పాసు పుస్తకంలో ‘ఎస్.కె.’ అనే రెండు పొడి అక్షరాలు. మాలో ఒకరి తల్లి ఓటరు కార్డులో మస్తాన్ బీ, ఆధార్‌లో మస్తానమ్మ, బ్యాంకు పుస్తకంలో మస్తాన్ బేగం. అడిగితే ఆమె నవ్వి, “ఎవరు ఏమని రాసుకుంటే ఏముంది బేటా, పిలిస్తే పలుకుతాను కదా” అన్నది. ఆ తప్పులు కొత్తగా పుట్టినవి కావు. ఆ కార్డులకు ఎన్నిసార్లు జిరాక్సులు తీయించామో, ఎన్నింటిపై సంతకాలు చేశామో లెక్కలేదు. ఒక్కసారీ కంటపడలేదు.

అప్పుడు అస్సాం సంగతులు మళ్ళీ మొదటినుండి చదివాము. అక్కడ 1951 పట్టికలోనో, 1971 మార్చి 24 అర్ధరాత్రి లోపలి ఓటరు జాబితాలోనో తమ పేరో, పూర్వీకుల పేరో చూపి, వారితో తమ సంబంధాన్ని నిరూపించుకోవాలి. ఓటు వయసు రాకముందే పెళ్ళయిన స్త్రీ పేరు మొదటిసారి కనిపించేది అత్తవారి ఊరి జాబితాలో, భర్త పేరు పక్కన. ఆమె ఫలానా తండ్రి కూతురని చెప్పే కాగితం ఉండదు. పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన ధ్రువపత్రమే ఎందరికో దిక్కు. 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు అది చెల్లదన్నది. డిసెంబరులో సుప్రీంకోర్టు, విచారించి సరిచూసిన మీదట అంగీకరించవచ్చన్నది. ఇదంతా అప్పుడే పత్రికలలో వచ్చింది. మన ఇళ్ళలోని ఆడవారి కాగితాలకూ ఇదే గతి అని గ్రహించడానికి మాకు రెండేళ్ళు పట్టింది.

2025లో బీహారులో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణకు 2003 నాటి జాబితాను ఆధారంగా తీసుకున్నారు. ముసాయిదా వచ్చేసరికి సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఈసారి ఆ వార్తను మొదటి రోజునే అక్షరం అక్షరం చదివాము. ఇందులో మా గొప్ప ఏమీ లేదు, అది భయం నేర్పిన చదువు.

ఆ సంగతి మాకు తెలియజెప్పినది ఒక యానాది స్త్రీ. జుమా నమాజు తరువాత మసీదు వరండాలో బల్ల వేసుకుని కార్డులు చూస్తుండగా ఆమె మెట్ల దగ్గర నిలబడి, “మావి కూడా చూస్తారా అన్నా?” అని అడిగింది. చూడడానికి ఆమె వద్ద కార్డే లేదు. పిల్లవాడికి పుట్టిన తేదీ పత్రమూ లేదు. వారి కాలనీ మసీదుకు ఫర్లాంగు దూరం. మేము ముప్ఫై ఏళ్ళుగా ఆ దారినే నడుస్తున్నాము. జనన మరణాల నమోదు చట్టం 1969 నుండీ ఉన్నది. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు అనేక పనులకు జనన పత్రమే పుట్టిన తేదీకి ఆధారమని సవరణ కూడా వచ్చింది. ఆ కాలనీలో ఎందరికి ఆ పత్రం ఉన్నదో ఏనాడూ అడగలేదు. ఆమె వెళ్ళిన తరువాత మాలోనే వాదన జరిగింది. మన పనే తెమలడం లేదు, ఊరందరి పని నెత్తికెత్తుకోవడమా అని కొందరు పెద్దలు అన్నారు. వారి మాటలోనూ నిజం ఉన్నది, పనిచేసేవారం అయిదుగురమే. అయినా బల్ల అందరికీ అని నిర్ణయించాము.

వచ్చే జుమాకు ముందుగా తల్లుల, అత్తల, కోడళ్ళ కాగితాలు తీసుకురండి, మగవారివి తరువాత చూద్దాము. ఆదివారం ఉదయం యానాది కాలనీకి వెళుతున్నాము. ఫారాలు నింపగల యువతీ యువకులు మరో నలుగురు కావాలి. సభ ముగిశాక పేర్లు ఇవ్వండి.