అడుసులో ట్రాక్టరు, చక్రమునకు గొలుసు



తిరుమల కొండదారిలో బస్సు దిగివచ్చునప్పుడు కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి మలుపు మలుపునకు క్రిందనున్న తిరుపతి కానవచ్చును. మబ్బు లేనినాడు దాని కావల చెఱువులు, కయ్యలు, మామిడితోపులు కూడ కానవచ్చును. పైనుండి చూచువారికి ఆ పచ్చదనమే తెలియును గాని దాని క్రింది అడుసు తెలియదు. నవంబరు, డిసెంబరు నెలలలో వాయుగుండము పట్టెనా, ఈ ప్రాంతపు వాగులు, చెఱువులు నిండి పొంగవలసినదే. 2021 నవంబరులో రాయలచెఱువు కట్ట తెగునేమో యని క్రింది పల్లెలను ఖాళీ చేయించిన సంగతి మీలో పలువురికి జ్ఞాపకముండును. అట్టి వానల తరువాత పొలములో దిగిన ట్రాక్టరు దిగబడకుండ బయటపడు టెట్లు? నేటి మా ప్రసంగము ఆ విషయమును గూర్చియే.

మంచు కురియు దేశములలో కారు చక్రములకు ఇనుప గొలుసులు చుట్టుదురు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునకు చెందిన హారీ వీడ్ అను నతడు 1904లో ఇట్టి గొలుసునకు పేటెంటు పొందెను. జారుదారులలో బండ్లు నడపువారు టైర్లకు త్రాళ్ళు, తీగలు చుట్టుకొనుట చూచి అతని కా యూహ పుట్టినదని చెప్పుదురు. ఇక ట్రాక్టరు మాట. మొదట దానికి రబ్బరు టైర్లే లేవు. ఇనుప చక్రములు, వాని చుట్టును ఇనుప పళ్ళు. 1932లో అల్లిస్ చామర్సు కంపెనీ గాలి టైర్లతో ట్రాక్టరును విక్రయింప నారంభించెను. రోడ్డు ప్రయాణము సుఖమయ్యెను. అడుసులో పట్టు మాత్రము తగ్గెను. పోయిన ఆ పట్టు కొఱకే మన రైతు వరిమడిలో కేజి వీల్సు బిగించుచున్నాడు.

దమ్ము చేయుటకు కేజి వీల్సును మించినది లేదు. కాని చెఱకుతోట నుండి గడ్డమీదికి, మామిడితోపు నుండి రోడ్డుదాక ట్రాలీ లాగవలసినప్పుడు వాని నెవరు బిగింతురు, ఎవరు విప్పుదురు? తారురోడ్డుపై వానితో నడపిన రోడ్డు చీలిపోవును. అధికారులు జరిమానా వేయుదురు. అట్టి చోట గొలుసు మేలు. పొలము గట్టున చుట్టి, రోడ్డు అంచున విప్పి గోనెసంచిలో వేసికొనవచ్చును.

చంద్రగిరి వైపున ఒక వెల్డింగు షెడ్డులో ఇట్టి గొలుసు తయారగుట మేము చూచితిమి. నిచ్చెన నొకదానిని చక్రమునకు చుట్టినట్లు ఊహింపుడు. టైరునకు ఇరుప్రక్కల రెండు పొడుగు గొలుసులు, వాని నడుమ మెట్లవలె అడ్డగొలుసులు. అయితే ట్రాక్టరు వెనుక టైరుపై ఏటవాలు గట్లుండును. అడ్డగొలుసు ఆ గట్ల సందున జారిపడినచో ఉన్నను లేనట్లే. కావున పనితెలిసినవారు తిన్నని మెట్లకు బదులు, పక్క పక్క అడ్డగొలుసులను నడుమ కలిపి పలకసరి గడులుగా నల్లుదురు.

అతుకులోనే అసలు రహస్యమున్నది. మామూలు మెత్తని ఇనుముతో చేసిన గొలుసు వెల్డింగునకు లొంగును. లారీలకు, క్రేనులకు వాడి పాతసామాను కొట్టుకు వచ్చిన గట్టి ఉక్కు గొలుసు అట్లు కాదు. అతికినచోటి ప్రక్కనే పెళుసెక్కి పుటుక్కున తెగును. చౌకగా వచ్చినదని దానిని కొనువారే ఎక్కువ! తెల్లని తుత్తునాగపు పూత గల గొలుసును కాల్చినప్పుడు లేచు పొగ పీల్చిన జ్వరము వచ్చును. ముందు ఆ పూతను గీకివేయవలెను. లంకె నోరు పైపైన ముద్దగా మూసిన చాలదు. రాడ్డు కరగి లోతుదాక నిండవలెను. చక్రము తిరుగుచుండగా తెగిన గొలుసు మడ్‌గార్డును చీల్చి డ్రైవరు వీపు మీదికే వచ్చును.

మేమక్కడ నుండగనే ఒక రైతు ట్రాక్టరుతోనే వచ్చెను. గొలుసు టైరునకు చుట్టియే యున్నది. కొస లంకె అతుకవలెను. "విప్పడమెందుకన్నా, అట్నే అంటిచ్చెయ్" అనెను. "అంటించను నాయనా. విప్పి తీసకరా పో" అని వెల్డరు రాడ్డు క్రింద పెట్టెను. రైతు అలిగెను. ఒక్క నిమిషపు పనికి పూటంతయు పోవునని అతని బాధ. కాని వెల్డరు మాటయే సరి. చక్రమునకు వేడి తగిలిన లోపలి రబ్బరు ఉడికి, మండు వాయువులు పుట్టి, టైరు బాంబువలె ప్రేలును. సగము గాలి తీసినంత మాత్రమున ఆ యపాయము తొలగదు; మంట ఆర్పిన కొంతసేపటికి కూడ ప్రేలవచ్చును.

ఇంతకన్న పెద్ద యపాయము పొలములో నున్నది, అది మంచి గొలుసు వలననే వచ్చును. పట్టు లేని చక్రము ఊరక గిఱ్ఱున తిరుగును. పెట్రోలు బంకుకు లాభము తప్ప ప్రాణభయము లేదు. పట్టు దొరకి, అడుసు చక్రమును కదలనీయకున్నచో ఇంజను బలమెక్కడికి పోవలెను? చక్రము తిరుగలేనప్పుడు ట్రాక్టరే ఇరుసు చుట్టు తిరుగును. ముందు చక్రములు పైకి లేచును. రెండు సెకనులలో బండి వెనుకకు బోర్లపడును. దూకుటకు వ్యవధి యుండదు. దిగబడిన చక్రమునకు అడ్డముగా దుంగ కట్టి ముందుకు నడపుట కూడ ఇట్టిదే. అది ఎన్నడును చేయరాదు. చక్రముల వెనుక మన్ను త్రవ్వి వెనుక గేరులో మెల్లగా బయటికి తీయవలెను. అప్పటికిని రాకున్న మఱియొక ట్రాక్టరును పిలువవలెను. లాగు బండికి గొలుసును క్రింది డ్రాబారునకే తగిలింపవలెను, ఇరుసునకు పైన కాదు.

ఆ రైతు మఱునాడు గొలుసు మూట మాత్రమే తెచ్చెను. కొత్త గొలుసు కావలసినవారికి వెల్డరు చెప్పుమాట ఇది: టైరు ప్రక్కన 13.6-28 అనియో, మఱియొక విధముగనో అంకెలుండును. వానిని కాగితముపై వ్రాసికొని, టైరు చుట్టుకొలత దారముతో తీసి తెచ్చిన చాలును. బండి రానక్కఱలేదు.