పాత సైనిక తుపాకుల పరికరములు: వాని కాలనిర్ణయము
(రేణిగుంట వార్షిక మహాసభలో నొసఁగిన యుపన్యాసము)

  

విద్యానిధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు మాటాడవలసిన పెద్ద లీ వేదికపైఁ బెక్కురు గలరు. మా విషయము చిన్నది. కాని మేము చేసిన యొక తప్పును మీ యెదుటనే దిద్దుకొనవలసి యున్నది గాన దీనిని మేమే కోరి తీసికొంటిమి.

కొన్నియేండ్ల క్రిందట మన సంచికలోనే, మనవా రొకరి యింట నున్న తుపాకిబాకు, అనఁగా బాయినెట్టు, ఛాయాచిత్రమును బ్రకటించితిమి. దానిక్రింద, ఇది 1907లోఁ జేయఁబడిన దనియు, ఈ కుటుంబపుఁ దాతగారు కూతు ముట్టడిలో ధరించిన దనియు వ్రాసితిమి. తాతగారు కమ్మరపుఁబనికై సేనతోఁ గూడ మెసపొటేమియాకుఁ బోయిరని యింటివారి వాక్కు. బాకుపై 1907 అను నంకెలు స్పష్టముగా నున్నవి. ఇంక సందేహ మేమని తలఁచితిమి.

ఆ 1907 చేసిన సంవత్సరము కాదు; మాదిరి పేరు. ఆంగ్లేయ ప్రభుత్వము 1907లో నంగీకరించిన నమూనా ననుసరించి చేసిన ప్రతి బాకుమీఁదను, అది యెన్నియేండ్ల తరువాతఁ జేసినదైనను, ఆ యంకె యుండును. ఈ బాకు అలుగు పొడవు 17 అంగుళములు. పిడికి ముందుండు చదునైన చోట మకుటమును, రాజనామమునకుఁ గుఱుతుగా జి.ఆర్. అను నక్షరములును, వానిక్రింద 1907ను ఉండును. దాని దిగువ నింకొక చిన్న యంకెల జత గలదు. మొదటిది నెల, రెండవది సంవత్సరములోని కడపటి రెండంకెలు. తరువాత విల్కిన్సన్, శాండర్సన్, చాప్మన్ మొదలగు చేసినవారి పేరు. మేము రెండవమాఱు పోయి, కిరసనాయిలులో ముంచిన దూదితో మెల్లఁగాఁ దుడిచి చూడఁగా ఆ జత 10, 17 అని తేలినది. అనఁగా 1917 అక్టోబరు. కూతులోని సేన తుర్కులకు లొంగిపోయినది 1916 ఏప్రిలు 29న. పుట్టని బాకు ముట్టడిలో నెట్లుండును?

ఈ మాట చెప్పినప్పుడు ఆ యింటి పెద్దావిడ, తాతగారి మనుమరాలు, “అయితే మా తాత యబద్ధ మాడెనా అన్నా?” అని యడిగెను. “లేదమ్మా, బాకు వేఱు, తాత వేఱు” అంటిమి. ఇనుము చెప్పఁగలది తాను ఏ నెల కొలిమి వెడలినదో యంతవఱకే. ఎవరి నడుమున వ్రేలాడెనో, ఏ యంగడిలో మాఱుబేరము పోయెనో యది చెప్పదు. తాతగారి యుద్ధసేవకు సాక్ష్యము ఆయన సేనను వీడునప్పుడిచ్చిన కాగితము, పింఛను పుస్తకము. ఆ యింట ట్రంకుపెట్టె యడుగున వాని కొఱకు వెదకుచున్నారు. బాకును మాత్రము సాక్ష్యముగాఁ బెట్టినది మా తొందరపాటు.

కొలిమియు సుత్తియుఁ గులవృత్తిగాఁ గల మనవారికి నిట్టివానిని పరీక్షించుట కష్టము గాదు. గుఱుతులు తెలిసిన చాలును. 1907 మాదిరి తొలిబాకులకు అడ్డుపట్టీ చివర కొక్కె మొకటి యుండెడిది. 1913లో దానిని మానివేసిరి. 1916 నుండి పిడితలలో మట్టియుఁ జెత్తయు వెలికిఁబోవుటకు రంధ్రము పెట్టిరి. అయితే పాతవానికిఁ గూడఁ దరువాతఁ గొక్కెము కోసిరి, రంధ్రము తొలిచిరి. కావున నీ రెంటిని మాత్రమే నమ్మి తీర్పుచెప్పరాదు. వెనుకప్రక్క బాణపుగుఱుతు ప్రభుత్వపు సొత్తని తెలుపును. దానితో ‘ఐ’ అను నక్షర మున్న నది హిందూదేశపు సేనది. రెండు బాణములు ములుకు ములుకుఁ దాఁకునట్లున్న, ప్రభుత్వమువారు అమ్మివేసినదని యర్థము. ఇంటూమడ్డముగా గీసిన ఎక్స్ గుఱుతు అలుగును వంచి పరీక్షించిరనుటకుఁ జిహ్నము. ఈ పరీక్ష మన తాతలు కత్తికిఁ జేసినదే గదా!

కలకత్తా చెంత నీషాపురములోని రైఫిలు కర్మాగారపు ముద్ర ఆర్.ఎఫ్.ఐ. రెండవ ప్రపంచయుద్ధములో నచ్చట 12 అంగుళముల పొట్టిబాకులు చేసిరి. ఎన్.డబ్ల్యు.ఆర్. అను ముద్ర గలవి నార్త్ వెస్టర్న్ రైల్వేవారివి. రైలు పెట్టెలు బాగుచేయు చేతులే బాకులనుగూడఁ జేసినవి! రైల్వే జంక్షనులోఁ బుట్టిపెరిగిన మాకు ఈ ముద్రపై నొకింత యభిమానము గలదని యొప్పుకొందుము. ఇంతకంటెఁ బ్రాచీనములు రెండు: లీ మెట్‌ఫర్డు తుపాకికిఁ జేసిన 1888 మాదిరి, రెండంచుల 12 అంగుళముల బాకు, మార్టినీ హెన్రీకిఁ దగిలించు, గొట్టపుమొదలు గల ముప్పేటల సన్నని బల్లెము.

ఇఁక జనులు త్రీనాట్‌త్రీ యని పిలుచు తుపాకి లోపలి సామానులు. భుజమున కానించు కొయ్యభాగమున వెనుక చిన్న తలుపు గలదు. దానిలో నూనెబుడ్డియు, దానిపైఁ జుట్టిన పుల్‌త్రూ త్రాడును ఉండును. నూనెబుడ్డి ఇత్తడిది, మూఁతకు లోపల సన్నని చెంచావంటి పుల్ల, తోలు బిళ్ల. రెండవ యుద్ధకాలమున ఇత్తడి కఱవగుటచే ఇనుపరేకుతోను, తరువాత నల్లని ప్లాస్టికుతోను జేసిరి. కావున నల్లబుడ్డిని చూపి మొదటి యుద్ధమునాఁటి దనువారిని నమ్మవలదు. త్రాడు చీకిపోవును, దాని చివరి ఇత్తడి గుండు మిగులును. దానిని తూకపుగుండని యెంచి మనవారు పలువురు కరఁగించినారు! త్రాటి కొసనున్న యుంగరములోఁ జొనుపునది 4 అంగుళముల పొడవు, 2 అంగుళముల వెడల్పు గల ఫ్లానెలు గుడ్డ. అయిదు గుండ్లను పట్టియుంచు చార్జరు అను రేకుపట్టీ దొరకిన, నది 1903 తరువాతిదే. అంతకుముందు తుపాకులకు గుండ్లు నొక్కొక్కటిగా నింపెడివారు. నేసిన పట్టీలపై ఎం.ఈ.కో. అని మిల్సు కంపెనీవారి ముద్రయు సంవత్సరమును ఉండును. సబ్బుపెట్టి యుతికితిరా, మాసిపోవును.

ఈ బుడ్డి యొకటి మన యూర దొరకినంతనే యుద్ధభూమినుండి వచ్చెనని యనుకొననక్కఱలేదు. మన జంక్షను చేరియున్న మద్రాసు, సదరన్ మరాఠా రైల్వేకు ప్రత్యేకముగా రైఫిల్సు దళముండెడిది. 1920లో నేర్పడిన ఆగ్జిలియరీ ఫోర్సులోని దది. యూరోపియనులకును ఆంగ్లోయిండియనులకును మాత్రమే యందుఁ బ్రవేశము. 1947లో నది యంతరించినది. ఇట్టి దళముల సామాను చెత్తయినుముతోఁ గలసి బజారుపాలగుట వింతకాదు.

దొంగసరుకును బట్టుటకు మన విద్యయే చాలును. నిజమైన నూనెబుడ్డి పలుచని గొట్టపుపని. నకిలీది ఇసుకపోఁత, బరువు, గరుకు. నిజముద్ర సుత్తిదెబ్బతోఁ బడినది గాన దాని యంచున లోహము రవ్వంత పైకి లేచియుండును. పోఁతలో వచ్చిన యక్షరము మొద్దుగాఁ గరఁగినట్లుండును.

పాళెగాండ్ర కాలపువి మన జిల్లాలో నరుదు. కర్ణాటకము 1801లోఁ గుంపిణీ చేతిలోఁ బడెను. కుంపిణీ తుపాకుల మరలపై 1808 ప్రాంతముదాఁక హృదయాకారపు ముద్రయు, ఆపై నిలిచియున్న సింహమును గనఁబడును. జామగిరి వత్తి, మందుకొమ్ము, గుండ్ల యచ్చు గలవారు వానిని మాకుఁ జూపవలెను.

రేపటి యుదయము మా బల్ల సభామండపపు ద్వారమున నుండును. వస్తువును చింతపండుతోఁ దోమి, ఇటుకపొడితో రుద్ది తేవలదు, మకిలితోనే తెండు. ముద్ర కనఁబడని చోట సుద్దపొడి రాసి, సెల్‌ఫోను దీపమును ప్రక్కనుండి వాల్చి పట్టిన నక్షరములు లేచివచ్చును. పలుచని కాగితము పెట్టి పెన్సిలుతో రుద్దినను జాలును. పేలని తూటా యింట నున్నయెడలఁ జేతఁ బట్టక ఠాణాకుఁ దెలుపుఁడు. బాకులు గలవారు 1959 ఆయుధ చట్టమును గూర్చి ముందుగా నచ్చటనే విచారించి, మాకు ఛాయాచిత్రము మాత్రము తెచ్చినను మేలే. రెండు ప్రక్కలను దీయుఁడు.