ఖాళీగా మిగిలిన ఆరవ ఆట
(ప్లాటినం జూబిలీ క్రీడోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



క్రీడోత్సవ సభలో ఆటలవలన కలిగే లాభాలను గూర్చి ప్రసంగించడం ఆనవాయితీ. ఆ లాభాలన్నీ మా విద్యార్థుల వక్తృత్వ పోటీలలో మీరు ఏటా వింటూనే ఉన్నారు. అందుచేత నేను ఒక్క క్రీడాకారిణి జీవితాన్ని మాత్రమే మీ ముందుంచదలచాను. ఆమె సి.ఎ. భవానీదేవి. ఒలింపిక్ క్రీడలలో కత్తిసాముకు మన దేశంనుండి అర్హత పొందిన ప్రథమ వ్యక్తి ఆమె. పురుషులలో సైతం ఆమెకు ముందు ఎవ్వరూ లేరు.

భవానీదేవి 1993లో మన చెన్నై నగరంలోనే జన్మించింది. తండ్రిగారు అప్పటి తూర్పుగోదావరి జిల్లా సామర్లకోటనుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన దేవాలయ అర్చకులు, తల్లిగారు గృహిణి. 2004లో ఆమె చదివే బడిలో ఆరు క్రీడలలో ఒకదానిని ఎంచుకొమ్మన్నారు. ఆమె వంతు వచ్చేసరికి అయిదింటిలో స్థానాలు నిండిపోయాయి. ఎవరికీ తెలియని కత్తిసాము ఒక్కటే మిగిలింది. ఆ బాలిక దానినే తీసుకొన్నది.

కత్తిసాములో మూడు విధములున్నవి. ఆమెది సేబర్. అందులో మొనతోనే గాక కత్తి అంచుతోను తాకవచ్చును. అరచేతులు మినహా తల, బాహువులతో సహా నడుముకు పై భాగమంతా లక్ష్యమే. 14 మీటర్ల పొడవైన సన్నని పట్టీమీద ఇద్దరూ తలపడతారు. తాకిన వెంటనే విద్యుద్దీపం వెలుగుతుంది. ఇరువైపులా ఒకేసారి వెలిగితే దాడి హక్కు ఎవరిదో న్యాయనిర్ణేత తేల్చాలి. ఇంత వేగం గల ఆటను ఆ పిల్లలు వెదురు కర్రలతో నేర్చుకొన్నారు! అసలు కత్తులు ఖరీదైనవి, విరిగితే మరల దొరకడం దుర్లభం. అందుచేత వాటిని పోటీల రోజునే బయటికి తీసేవారు.

పద్నాలుగేళ్ల ప్రాయంలో టర్కీలో తన తొలి అంతర్జాతీయ పోటీకి మూడు నిమిషాలు ఆలస్యంగా చేరినందుకు నల్లకార్డు చూపి ఆమెను పోటీనుండి తొలగించారు. (ప్రార్థన ముగిశాక గేటు దగ్గర నిలబడే విద్యార్థులు ఈ వాక్యాన్ని శ్రద్ధగా వినగలరు.)

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచినది పదవ తరగతి తరువాతి సంగతి. ఆ పరీక్ష కాగానే ఆమె కేరళలోని తలశ్శేరి క్రీడా శిక్షణ కేంద్రంలో చేరింది. వేరొక రాష్ట్రం, వేరొక భాష, హాస్టలు జీవితం. అక్కడి ప్రభుత్వ బ్రెన్నెన్ కళాశాలలో వ్యాపార నిర్వహణలో పట్టం పుచ్చుకొన్నది. చదువు మానలేదు, కత్తి దించలేదు. ఆమె విదేశీ ప్రయాణాల కోసం తల్లిగారు నగలు తాకట్టు పెట్టిన సంగతి పత్రికలలో వచ్చినది. అర్చకుని ఇంట ఆడపిల్లను అలా పంపినప్పుడు ఇరుగుపొరుగు ఏమని ఉంటారో మీరూ నేనూ ఊహించుకోగలం.

తదుపరి విజయాలను క్లుప్తంగా చెబుతాను. 2009లో మలేషియాలో కామన్వెల్త్ జూనియర్ కాంస్యం, 2017లో ఐస్లాండులో ప్రపంచకప్ శాటిలైట్ పోటీలో స్వర్ణం, 2018లో కాన్‌బెర్రాలో కామన్వెల్త్ సీనియర్ స్వర్ణం. ఇటలీలో నికోలా జనోత్తి వద్ద కఠిన శిక్షణ. 2019లో పితృవియోగం. 2021 జూలైలో టోక్యోలో ట్యునీషియా క్రీడాకారిణి నాడియా బెన్ అజీజీపై 15-3తో గెలిచి, తరువాతి ఆటలో ఫ్రాన్సుకు చెందిన మనోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడింది. ఆనాడు దేశానికి క్షమాపణ చెప్పుకొన్నది. ఆ క్షమాపణ అవసరం లేదని నా అభిప్రాయం. వెదురు కర్రతో మొదలుపెట్టిన పిల్ల ఎవరికి బాకీ పడినది? 2023లో చైనాలోని వూషీలో జరిగిన ఆసియా పోటీలలో అప్పటి ప్రపంచ విజేత, జపాను దేశీయురాలు మిసాకీ ఎమురాను 15-10తో ఓడించి, సెమీఫైనల్లో ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడి, ఆ పోటీలలో భారతదేశానికి మొట్టమొదటి పతకమైన కాంస్యాన్ని తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత దొరకలేదు.

తల్లిదండ్రులారా! ప్రతి జూన్ మాసంలోను నా బల్లమీదికి కొన్ని ఉత్తరాలు వస్తాయి. మా అమ్మాయి తొమ్మిది దాటింది, క్రీడల పట్టికనుండి పేరు తొలగించండి అని. పరీక్షలు, ట్యూషన్లు, ఎండకు నల్లబడుతుందన్న దిగులు, చీకటి పడకముందే ఇల్లు చేరాలన్న నియమం కారణాలుగా చూపుతారు. మొదటి మూడింటికి నా సమాధానం మీకు తెలిసినదే. నాలుగవది మాత్రం న్యాయమైన కారణం. కనుక ఈ సంవత్సరంనుండి బాలికల సాధన సాయంత్రం అయిదింటికే ముగుస్తుంది. ఒక ఉపాధ్యాయిని బస్సు స్టాపు వరకు వారి వెంట నడుస్తారు. వారానికి రెండు రోజులు ఆ బాధ్యత నాది.

పట్టిక వ్యాయామోపాధ్యాయిని వద్ద ఉన్నది. పదవ తరగతి బాలికల వరుసలో ఇప్పటికి నాలుగు పేర్లే ఉన్నవి. సభానంతరం ఆమె ద్వారం ప్రక్కనే కూర్చొని ఉంటారు.