పెద్దవారికి క్రొత్త అక్షరాభ్యాసము



హైదరాబాదు, విశాఖపట్నము వంటి నగరములలో నివసించు పెద్దవారమైన మనము ఈ వయస్సున మరల అక్షరాభ్యాసము చేయవలసి వచ్చినది. పలకకు బదులు చేతిలోనికి ఫోను వచ్చినది. 2014లో కేంద్ర ప్రభుత్వము జీవన్ ప్రమాణ్ అను పద్ధతిని ప్రారంభించినది. దానివలన పెన్షనుదారులు ఏటేట బ్యాంకు మెట్లు ఎక్కకయే తాము జీవించియున్నామని తెలుపవచ్చును. 2021 నుండి ఇంటియొద్దనే ఫోనులో ముఖము చూపియు ఈ పని చేయవచ్చును. 2016లో యూపీఐ వచ్చినది. నేడు కూరగాయల బండియొద్ద సహితము దానితో సొమ్ము చెల్లించుచున్నారు.

అయినను మనలో అనేకులము ఫోనును పిల్లల చేతికిచ్చి, "కాస్త చూడు నాయనా" అనుచున్నాము. వారు క్షణములో ముగించి తిరిగి ఇచ్చెదరు. పని జరుగును గాని మనకు నేర్పు కలుగదు. పిల్లలు దూరదేశము వెళ్లిన పిదప కొందరు తమ పిన్నును పొరుగువారికి చెప్పుకొనుచున్నారు. అపాయము అచ్చటనే మొదలగును.

కావున మూడు సంగతులు జ్ఞాపకముంచుకొందము. మొదటిది, యూపీఐ పిన్ను సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు అక్కరలేదు. రెండవది, ఓటీపీ ఇంటి తాళపుచెవి వంటిది. ఫోనులో ఎవరడిగినను చెప్పరాదు. మూడవది, "డిజిటల్ అరెస్టు" అనునది మన చట్టములో లేదు. పోలీసు దుస్తులతో వీడియోలో కనబడి, "ఎవరికిని చెప్పవద్దు" అని బెదిరించువాడు మోసగాడే. ఫోను పెట్టివేసి ముందుగా ఇంటివారికి చెప్పవలెను. సొమ్ము పోయినచో వెంటనే 1930కి ఫోను చేయవలెను. త్వరగా తెలిపినచో అది చేతులు మారకముందే ఆపుట సాధ్యము కావచ్చును. సిగ్గుపడి దాచినచో మోసగానికే మేలు.

యువజనులకు మా మనవి ఒక్కటే. మాకు బదులు మీరు నొక్కకుడి. మా వ్రేలితోనే నొక్కించుడి. ఒక్కొక్క మెట్టును పెద్ద అక్షరములతో తెలుగులో కాగితముపై వ్రాసియిండు. ఒక్క రూపాయి పంపించి పదిసార్లు అభ్యాసము చేయించుడి. అడిగినదే అడిగినను విసుగుకొనకుడి. మీచేత అ, ఆలు దిద్దించిన దినములలో మేమును ఎన్నిసార్లని లెక్కింపలేదు.

వచ్చు నవంబరులో తమ జీవన ప్రమాణమును తామే పంపుకొనగల పెద్దలు మనలో పదిమంది యున్నను, ఈ చదువు సార్థకమగును. ఆ పదిమంది మరి పదిమందికి నేర్పుదురు.