లారీ కమాను పట్టీ నుంచి కత్తి దాకా
(స్వర్ణోత్సవాల రెండో రోజు పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిన్నటి నుంచి ఇక్కడ డాక్టర్లు మాట్లాడారు, ఇంజనీర్లు మాట్లాడారు, పెద్ద ఉద్యోగాలు చేసి వచ్చినవాళ్లు మాట్లాడారు. నాకు తెలిసింది ఇనుము ఒక్కటే. నాన్న కొలిమి దగ్గర తిత్తి ఊదడంతో మొదలుపెట్టి, ఐటీఐ వర్క్‌షాపులో రిటైరయ్యేదాకా నా చేతులు దాన్ని వదల్లేదు. అందుకే నిర్వాహకులు "నీకు తోచింది మాట్లాడు" అన్నప్పుడు, ఈ బల్ల మీదున్న కత్తి గురించే మాట్లాడతానన్నాను. పావుగంట ఇచ్చారు. చివర్లో కమిటీవారికి ఒక విన్నపం కూడా ఉంది.

ఇది వేటకు వెళ్లేవాళ్లు దగ్గర పెట్టుకునే కత్తి. కంగారు పడకండి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి జంతువుల వేట నేరం. ఇది ఇక్కడ వాడడానికి చేసింది కాదు. మన క్లాసువాడొకడు అమెరికాలో స్థిరపడ్డాడు. అక్కడ లైసెన్సు తీసుకుని, సీజన్‌లో జింకల వేటకు వెళ్లడం చట్టం ఒప్పుకున్న పనే. "కొన్న కత్తులు నాలుగున్నాయిరా. మన ఊరి ఇనుముతో నువ్వు చేసింది ఒక్కటి కావాలి" అని ఫోన్ చేశాడు. వాడు ఇప్పుడు మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నాడు.

వేటకత్తి అనగానే సినిమాల్లో చూపించే మూరెడు కత్తి గుర్తొస్తుంది. నిజానికి దాని పని వేట అయ్యాకే మొదలవుతుంది. చర్మం ఒలవాలి, మాంసం కొయ్యాలి. దానికి 4 అంగుళాల అలుగు చాలు. ఎముకకు తగిలితే విరగకూడదు, జంతువు మొత్తం ఒలిచేదాకా పదును పోకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి పడని కోరికలు. ఇనుము గట్టిగా ఉంటే పదును నిలుస్తుంది గానీ పెళుసవుతుంది. మెత్తగా ఉంటే విరగదు గానీ పదును నిలవదు. కత్తి చేసేవాడి పనంతా ఈ రెంటికీ రాజీ కుదర్చడమే.

ముందు ఇనుము సంగతి. పాత ఇనప సామాన్ల కొట్టుకెళ్తే గుట్టలు కనిపిస్తాయి. అన్నీ పనికిరావు. శ్లాబుకు వాడే చువ్వను ఎంత ఎర్రగా కాల్చి ముంచినా కత్తికి కావలసినంత గట్టిపడదు. అందులో కార్బన్ తక్కువ. లారీ కమాను పట్టీలో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. మన పల్లెల్లో కమ్మర్లు కత్తులకూ కొడవళ్లకూ దాన్ని వెతుక్కునేది అందుకే. నేపాల్లో గూర్ఖాల ఖుక్రీలు కూడా లారీ కమాను పట్టీలతో చేస్తారు. అరిగిపోయిన ఆకురాయిలో కార్బన్ ఇంకా ఎక్కువ.

ఏ ముక్క ఏమిటో తెలియకపోతే సానరాయికి ఆనించి నిప్పురవ్వలు చూడండి. మెత్తటి ఇనుమైతే రవ్వలు పొడుగ్గా, తిన్నగా పోతాయి. కార్బన్ ఉంటే చిచ్చుబుడ్డిలా చీలి పువ్వులు పూస్తాయి. ఇంకా అనుమానముంటే చిన్న ముక్క కోసి, ఎర్రగా కాల్చి, ముంచి, పటకారుతో వంచి చూడండి. వంగిపోతే వదిలెయ్యండి. పుటుక్కున విరిగితే మనకు కావలసింది అదే. రెండు జాగ్రత్తలు చెబుతాను. ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనబడని పగుళ్లుంటాయి, అందుకని నొక్కుకుపోయి అరిగిన మధ్యభాగం వదిలి బాగున్న చోట కోసుకోవాలి. తగరపు డబ్బాలా తళతళలాడే జింకు పూత ఇనుమును కొలిమిలో పెట్టకూడదు. ఆ పొగ పీలిస్తే జ్వరం పడతారు.

నా చేతికొచ్చిన పట్టీ మందం 6 మిల్లీమీటర్లు. కొలిమిలో కాల్చి, వంపు తీసి, దాగలి మీద సుత్తితో సాగదీసి 4 మిల్లీమీటర్లకు తెచ్చాను. పిడి లోపలికి పోయే తోక భాగాన్ని కూడా అదే ముక్కలో ఉంచాను, అతుకు లేదు. సుత్తి దెబ్బలు తిన్న ఇనుములో లోపల బిగువు మిగిలిపోతుంది. అందుకని మూడుసార్లు ఎర్రగా కాల్చి, ప్రతిసారీ గాలిలో తనంతట తాను చల్లారనిచ్చాను. చివరిసారి కాల్చి బూడిదలో పాతిపెట్టాను. రాత్రంతా మెల్లగా చల్లారి, పొద్దునకి ఆకురాయికి లొంగేంత మెత్తబడింది. అప్పుడు ఆకారం తీశాను.

తర్వాతది గట్టిపరచడం. ఇక్కడ మన ఫిజికల్ సైన్స్ మాస్టారు చెప్పిన పాఠం పనికొస్తుంది. ఇనుము సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. కాలుతున్న అలుగుకు అయస్కాంతం తగిలించి చూస్తూ, అంటుకోవడం మానేశాక ఇంకొంచెం వేడి ఎక్కనిచ్చి ముంచాలి. నాన్నకు ఈ అంకె తెలీదు. కొలిమికి నీడ ఉండాలనేవాడు. ఎండలో ఎరుపు కన్నును మోసం చేస్తుందని ఆయన లెక్క. ఆ నీడలో ఆయన చూసే రంగూ, నా అయస్కాంతమూ ఇంచుమించు ఒకే చోటికి వచ్చేవి.

నీళ్లలో ముంచితే ఈ రకం ఉక్కు చిట్లే ప్రమాదముంది. గోరువెచ్చగా కాచిన నూనెలో, నిలువుగా ముంచాలి. అటూ ఇటూ ఊపితే వంగిపోతుంది. నూనె ఇనప డబ్బాలోనే ఉండాలి, పక్కన మూత ఉండాలి, ఒంటి మీద నూలు బట్టలుండాలి, కళ్లకు అద్దాలుండాలి. మంట లేచినప్పుడు వెతుక్కుంటే దొరికేవి కావు ఇవి.

బయటికి తీశాక ఆకురాయి పెడితే జారిపోతుంది, గీత పడదు. చాలామంది ఇక్కడితో కత్తి అయిపోయిందనుకుంటారు. ఈ దశలో అది గాజుముక్క. బండ మీద పడితే రెండు ముక్కలవుతుంది. దాన్ని మళ్లీ కొంచెం మెత్తపరచాలి. నేను ఇంట్లో కేకులు చేసే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు చొప్పున రెండుసార్లు ఉంచాను. ఇంట్లో ఆవిడ ఏమన్నదో ఇక్కడ చెప్పను. ఓవెన్ లేని రోజుల్లో రంగు చూసేవాళ్లు. అలుగును మెరిసేలా రుద్ది వెన్ను వైపు నుంచి వేడి చేస్తే ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమరంగు, ఊదా, చివరికి నీలం వరసగా నడుస్తాయి. అది ఇనుము మీద ఏర్పడే పల్చటి ఆక్సైడు పొర. వాననీటి మీద పెట్రోలు చుక్క పడితే కనిపించే రంగుల కారణమే దీనికీ. స్ప్రింగు కావాలంటే నీలం దాకా పోనివ్వాలి. కత్తి కావాలంటే గడ్డిరంగు దగ్గర ఆపాలి. ఒకప్పుడు లారీని మోసిన ముక్కే ఇప్పుడు మాంసం కోస్తుంది. ఆ ఇనుములో ఉన్న పదార్థం ఏమీ మారలేదు, చూపించిన వేడి మారిందంతే.

చివరికి తడిపిన సానరాయి మీద పదును పెట్టాను. సానబట్టేటప్పుడు అంచున నీలం కనబడిందంటే అక్కడ పదును నిలవదు. అందుకని మాటిమాటికీ నీళ్లలో ముంచాను. పిడికి తుమ్మకర్ర, రెండు ఇత్తడి మేకులు వేశాను.

ఈ విద్య మనకు కొత్తది కాదు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు అంత దూరం నుంచి వచ్చేవారు. డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డ వాటిలో మన దక్షిణాది ఉక్కు ఉంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని వూట్జ్ అన్నారు. అది మన ‘ఉక్కు’ మాటకు వాళ్ల నోట్లో వచ్చిన రూపమని పండితులు చెబుతారు. ఆ వూట్జ్ గుట్టు తెలుసుకోవాలని 1819 ప్రాంతంలో లండన్‌లో పరీక్షలు చేసినవాడు మైకేల్ ఫారడే. మనం విద్యుత్తు పాఠంలో చదువుకున్న ఫారడేనే. ఆయన తండ్రి కమ్మరి.

ఇప్పుడు నా విన్నపం. మన బడి వెనక, చింతచెట్టు పక్కన, క్రాఫ్ట్ పీరియడ్ జరిగిన రేకుల షెడ్డు ఉంది. స్వర్ణోత్సవ నిధితో దాన్ని పడగొట్టి సైకిల్ స్టాండు కట్టాలని ప్రతిపాదన వచ్చింది. "ఈ రోజుల్లో పిల్లల చేతికి సుత్తి ఎందుకండీ, కంప్యూటర్లు కొనిద్దాం" అని ఒక అన్నయ్య అన్నారు. కంప్యూటర్లు కొనండి, నా చందా కూడా వెయ్యండి. షెడ్డును మాత్రం ఉండనివ్వండి. మా ఊళ్లో కొలిమి చల్లారి చాలా ఏళ్లయింది. నాన్న తర్వాత ఆ రంగుల వరస తెలిసినవాణ్ణి మా వీధిలో నేనొక్కణ్ణే. నాతో అది పోవడం నాకిష్టం లేదు.

పిల్లల చేత వేటకత్తులు చేయించమని అడగడం లేదు. కలుపు తీసే బొరిగె, కూరగాయల కత్తి, తలుపు గొళ్లెం చాలు. నిప్పు పని పెద్దవాళ్లు చేస్తారు, ఆకురాయి పని పిల్లలు చేస్తారు. కార్బన్, అయస్కాంతం, ఆక్సైడు అని పుస్తకంలో చదివినవి చేతిలో పట్టుకుని చూస్తారు. షెడ్డుకు కావలసింది నాలుగు వైసులు, డజను ఆకురాళ్లు, చిన్న బ్లోయరు, కళ్లద్దాలు. దాగలి మా ఇంట్లో నాన్నది ఉంది, అది ఇచ్చేస్తాను. వారానికి రెండు పూటలు నేనొస్తాను, జీతం అక్కర్లేదు.

రేపు ఉదయం కమిటీ కూర్చుంటుంది. తీర్మానం రాసేముందు దయచేసి ఒక్కసారి ఆ షెడ్డు దాకా నడిచి రండి. తాళం చెవి అటెండరు దగ్గరుంది.