ఆట కుర్రాడిది, మార్కులు అమ్మాయివి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



కంప్యూటర్ చదువుల్లో ఆడపిల్లల గురించి మాట్లాడమన్నారు. మేము ఫోను ఆటల దగ్గర మొదలుపెడతాం. మా తరగతి గదుల్లో తేడా అక్కడే మొదలవుతోంది.

తొమ్మిదో తరగతిలో ఫోనులో ఆటలాడేవాళ్లు చేతులెత్తండి అంటే మగపిల్లల చేతులన్నీ లేస్తాయి. ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆడరని కాదు. అమ్మ ఫోనులో లూడో, క్యాండీ క్రష్ ఆడతారు, అన్న వచ్చి అడిగేదాకా. (అమ్మలూ ఆడతారు, అది వేరే సంగతి.) అన్న ఫ్రీ ఫైర్ మొదలుపెడితే మాత్రం రాత్రి పదకొండయినా ఎవరూ కదిలించరు.

ఈ ఆటలు మంచివని మేము అనడం లేదు. ఫోను ఆటల్లో డబ్బు పోగొట్టుకున్న ఇళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీని ఆపింది, అదే నెలలో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. అయితే ఆటతోపాటు కుర్రాడికి ఇంకొకటి అబ్బుతోంది. ఫోను నిండితే ఏది తీసేయాలో, ఆగిపోతే ఏం నొక్కాలో తెలుస్తుంది. బెదురు పోతుంది. బడిలో కంప్యూటర్ ముందు కూర్చోబెడితే తెలియకపోయినా నొక్కేస్తాడు. పక్కనే లెక్కల్లో వాడికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకునే అమ్మాయి, "పాడైపోతుందేమో టీచర్" అని చేతులు ఒళ్లో పెట్టుకుంటుంది. చూసేవాళ్లు దాన్ని తెలివిలో తేడా అనుకుంటారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు నూటికి 48.8, ఆడవాళ్లు 21.

ఇది ఆడవాళ్ల పని కాదనేవాళ్లకు ఒక మాట. 1946లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్‌కు ప్రోగ్రాములు సిద్ధం చేసింది ఆరుగురు స్త్రీలు. 1984లో అక్కడ కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పొందినవారిలో నూటికి 37 మంది ఆడపిల్లలు. ఆ తర్వాత సంఖ్య పడిపోయింది. కంప్యూటర్లు, వీడియో గేములు ఇళ్లలోకి వచ్చిన కాలమది. ప్రకటనల్లో మగపిల్లలే, ఇంట్లో కంప్యూటరూ కొడుకు గదిలోనే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1995లో ఆ కోర్సులో చేరిన ఆడపిల్లలు నూటికి 7. ముందే ప్రోగ్రామింగ్ తెలిసి ఉండాలన్న పట్టు సడలించి, తెలియనివాళ్లకు విడిగా మొదటి తరగతులు పెట్టాక, 2000 నాటికి 42 అయింది. అయిదేళ్లలో ఆడపిల్లల తెలివి పెరగలేదు కదా!

మన దగ్గర సంగతి వేరు. ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతో సీటు ఇస్తారు కాబట్టి మన అమ్మాయిలు బాగానే చేరుతున్నారు. ఎండలో తిరిగే ఉద్యోగం కాదని తండ్రులే సీఎస్‌ఈ తీసుకోమంటున్నారు. సంతోషం. కానీ మౌసు మొదటిసారి పట్టుకునేది కాలేజీ ల్యాబులోనే అయితే, పక్కవాడు అప్పటికే సగం దూరం వెళ్లి ఉంటాడు.

ఇక పత్తి తీతలు, మిరప కోతలు. తల్లి కూలికి వెళితే వంట, తమ్ముళ్లు అమ్మాయి మీద పడతారు. కుర్రాడూ పొలం పోతాడు, కాని సాయంత్రం మాత్రం వాడిదే. అమ్మాయికి ఆ సాయంత్రం లేదు.

అందుకే సంఘం వారిని అడుగుతున్నాం. మన కంప్యూటర్ సెంటర్లో అసర్ నుంచి మగ్రిబ్ దాకా ఆడపిల్లలకే కేటాయించండి. నేర్పేది ఒక అక్కయ్య అయితే మేలు, తల్లులు వచ్చి కూర్చున్నా మంచిదే. స్క్రాచ్ ఉచితంగా దొరుకుతుంది, దానితో పిల్లలే చిన్న ఆట తయారు చేసుకోవచ్చు. మగపిల్లలకూ అదే పెట్టండి, ఆడేవాడు ఒక ఆట తయారు చేసి చూపించాలి. సంక్రాంతి తర్వాత కోతల వల్ల రాలేకపోయిన అమ్మాయి పేరు మాత్రం రిజిస్టరులో కొట్టేయకండి. ఏప్రిల్‌లో వస్తుంది, ఆపినచోటి నుంచే చెప్పండి.