అతివాహకముల అంతరంగము

తెనాలిలో రేపల్లె బండి ఎక్కినవారికి ఒక సంగతి తెలియును. రేపల్లెతో పట్టాలు ముగియును. బండి వచ్చిన దారినే మరలవలెను. ఇట్టి తిరుగుప్రయాణమే ఎలక్ట్రానులకును ఒకచోట తటస్థించును. దానిని గూర్చి మేము నేడు ముచ్చటింపనెంచితిమి.

పాదరసమును 4.2 డిగ్రీల కెల్విను దాక చల్లార్చినచో దాని విద్యున్నిరోధము మటుమాయమగునని 1911లో కామర్లింగ్ ఓనెస్ కనుగొనెను. అట్టి పదార్థములే అతివాహకములు. వానిలో ఎలక్ట్రానులు జంటలుగా సంచరించునని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పిరి. కంటికి కానరాని ఈ జంటను కొలుచుట యెట్లు?

1960లో ఈవార్ యేవర్ అల్యూమినియము, సీసము పొరల నడుమ అతి పలుచని ఆక్సైడు పొర నుంచి వోల్టేజి పెట్టి చూచెను. ఆక్సైడు విద్యుత్తును పోనీయనిదే. అయినను ఎలక్ట్రాను తరంగస్వభావము గలది గనుక గోడకు కన్నము వేయకయే ఆవలికి పోగలదు. సీసము అతివాహకమైనపుడు, తక్కువ వోల్టేజివద్ద ఆ ప్రవాహము మిక్కిలి సన్నగిల్లెను. ఎచట మరల హెచ్చెనో దానినిబట్టి జంటను విడదీయుటకు వలయు శక్తి తెలిసెను. యేవర్ మొదట యంత్రనిర్మాణము చదివిన ఇంజనీరు! 1973లో నోబెల్ బహుమానమున ఆయనకు వాటా లభించినది.

నడుమ పొర లేక లోహమును అతివాహకమునకు సూటిగా తాకించినచో మరియొక చిత్రము. కన్యాదానమునకు పీటలమీద కూర్చొనువారు దంపతులై యుండవలెను గదా; మాకు దీనికంటె చక్కని పోలిక తోచలేదు. తక్కువ శక్తిగల ఒంటరి ఎలక్ట్రానుకు లోన చోటు లేదు. అది లోహమునుండి వేరొక ఎలక్ట్రానును తోడు తీసికొని జంటగా లోపలికి పోవును. ఆ తోడు విడిచిన ఖాళీ, గోడకు తగిలిన బంతివలె ప్రక్కకు పోక, మొదటి ఎలక్ట్రాను వచ్చిన దారినే రేపల్లె బండివలె మరలును. 1964లో ఆండ్రేయెవ్ చెప్పిన పరావర్తన మిది.

1986లో బెడ్నోర్జ్, ముల్లర్ కనుగొన్న రాగి ఆక్సైడు జాతి అతివాహకములు వేరు తీరువి. బాపట్ల వద్ద సూర్యలంక తీరమున కెరటమునకు శిఖరము, పల్లము ఉన్నట్లు, వీనియందలి జంట తరంగము ఒక దిక్కున ధనము, దానికి లంబమైన దిక్కున ఋణము, నట్టనడిమి దిక్కున సున్న. స్ఫటికమును ఆ సున్నదిక్కునకు ఎదురుగా కోసినచో, అంచునకు తగిలి మరలు ఎలక్ట్రానుకు ఒకమారు ధనము, ఒకమారు ఋణము ఎదురగును. అందుచే అంచున సున్నశక్తిగల స్థితి యేర్పడునని 1994లో చియా-రెన్ హు లెక్కగట్టెను. ప్రయోగములలో అది సున్న వోల్టేజివద్ద వాహకతా శిఖరముగా కనబడినది.

అయితే శిఖరము కనబడినంతనే జంట గుణము తెలిసినదనుటకు వీలులేదు. అయస్కాంత మాలిన్యములును, వేడెక్కిన స్పర్శయు అట్టి శిఖరమునే చూపగలవు. నానోతీగెలో ఇట్టి శిఖరమును చూచి, మజోరానా స్థితికి నిదర్శనమని 2018లో నేచర్ పత్రికలో ప్రకటించిన వ్యాసమును రచయితలే 2021లో ఉపసంహరించుకొనిరి. కావున పరిశోధకులు స్ఫటికమును వేర్వేరు దిక్కుల కోసి, ఉష్ణోగ్రతను, అయస్కాంత క్షేత్రమును మార్చి మార్చి, శిఖరము చీలునా, కరగునా, అట్లే నిలుచునా యని చూచుచున్నారు.